గాలి కథ – 11: ఎనిమిది పరమాణువుల బంగారం

హైదరాబాద్ నుంచి పాలమూరు వెళ్లే దారిలో, యాభై కిలోమీటర్ల దూరంలో షాద్‌నగర్ వస్తుంది. 2016లో జిల్లాలను విడదీసేదాకా అది మహబూబ్‌నగర్ జిల్లా ఊరు. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది. మండలానికి మాత్రం ఫరూఖ్‌నగర్ అన్న పాత పేరే నిలిచింది. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బూర్గుల రామకృష్ణారావుకు ఇంటిపేరును ఇచ్చిన బూర్గుల గ్రామం ఈ పక్కనే. రాజకీయ చరిత్ర రాసేవాళ్లు షాద్‌నగర్‌ను ఆ పేరుతోనే తలుచుకుంటారు. గాలి చరిత్ర రాస్తున్న నేను ఇక్కడ ఆగడానికి కారణం ఇంకొకటి ఉంది. దక్కన్ మెట్టల మీది గాలిలో ఏముందో ఏళ్ల తరబడి ఓపికగా కొలిచిన చోటు ఇది.

జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఇక్కడ 1979లో భూకేంద్రం పెట్టింది. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహం మన దేశం మీదుగా పోతూ తీసిన చిత్రాలను అందుకోవడం దాని మొదటి పని. 1988 మార్చి 17న మన సొంత ఐఆర్ఎస్-1ఎ పైకి వెళ్లాక దాని సంకేతాలూ ఇక్కడికే దిగాయి. 2008లో ఆ సంస్థ ఇస్రోలో నేరుగా భాగమై ఎన్ఆర్ఎస్‌సీ అయింది. ఆకాశం వైపు తిరిగిన పెద్ద పెద్ద యాంటెనాలను గురించి ఊళ్లో అందరికీ తెలుసు. అదే ఆవరణలో, ఆ యాంటెనాల పక్కన, గాలిని లోపలికి పీల్చుకుని కొలిచే చిన్న పరికరాలు ఉన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఆ పరికరం ఒక లేజర్ కిరణాన్ని రెండు అద్దాల మధ్య వేల సార్లు అటూ ఇటూ తిప్పుతుంది. దారిలో ఏ వాయువు ఎంత వెలుతురు మింగిందో చూసి, దాని పాళ్లు చెబుతుంది.

ఆ కొలతల ఫలితాలను ఎన్ఆర్ఎస్‌సీ శాస్త్రవేత్తలు 2016లో ఒక అంతర్జాతీయ వాతావరణ శాస్త్ర పత్రికలో అచ్చువేశారు. 2014 సంవత్సరంలో షాద్‌నగర్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ సగటున పది లక్షల పాళ్లకు 394 పాళ్లు, మీథేన్ 1.92 పాళ్లు. కార్బన్ డయాక్సైడ్ ఎండాకాలంలో ఎక్కువ, వానలు పడి పచ్చదనం లేచాక తక్కువ. మీథేన్ మాత్రం వానాకాలం వెళ్లిన తర్వాత పెరిగింది. అంకెలుగా చూస్తే ఇవి చప్పగా ఉంటాయి. కానీ ఈ రెండు వాయువుల మధ్య ఒక దారి ఉంది. ఆ దారి మధ్యలో ఈ భాగానికి నాయకుడో, ప్రతినాయకుడో అనదగిన మూడో వాయువు నిలబడి ఉంది. అది కార్బన్ మోనాక్సైడ్.

గాలిలోకి చేరిన మీథేన్ ఎప్పటికీ మీథేన్‌గా ఉండిపోదు. ఎండ, ఓజోన్, నీటి ఆవిరి కలిసి పుట్టించే హైడ్రాక్సిల్ అనే చిన్న కణం దాన్ని పట్టుకుని మెట్టు మెట్టుగా ఆక్సీకరిస్తుంది. మీథేన్ ముందు కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, తర్వాత కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఒక మీథేన్ అణువుకు ఈ ప్రయాణం మొదలు కావడానికే సగటున పదేళ్లు పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రెండు నెలలు చాలు. హైడ్రాక్సిల్ ఎక్కువగా పుట్టేది ఎండ బలంగా కాసే ఉష్ణమండలంలోనే. అంటే మన నెత్తి మీది ఆకాశం ప్రపంచపు మురికిని కడగడంలో తన వాటా కన్నా ఎక్కువే పనిచేస్తోంది. అయితే మూసిన గదిలో, గనిలో, కారు పొగగొట్టంలో రెండు నెలలు ఆగే వ్యవధి ఉండదు. ఆకాశం రెండు నెలల్లో చేసే పనిని లిప్తపాటులో చేయించాలి. అలా చేయించే లోహాల కథే ఈ భాగం.

కార్బన్ మోనాక్సైడ్ ఎంత ప్రమాదమో మన పల్లెలకు పేరు తెలియకుండానే తెలుసు. చలికాలంలో తలుపులు బిగించి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబం తెల్లారి లేవలేదన్న వార్త దాదాపు ఏటా ఎక్కడో ఒకచోట నుంచి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. గని ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో చాలామందిని చంపింది పేలుడు కాదనీ, ఆ తర్వాత మిగిలిన ఈ వాయువేననీ బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ 1896లో తేల్చి చెప్పాడు. గనుల్లోకి చిన్న పిట్టలను తీసుకుపొమ్మని సలహా ఇచ్చింది ఆయనే. మనిషికన్నా ముందు పిట్ట సోలిపోతుంది.

మన సింగరేణికి వద్దాం. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. అప్పటి నుంచి ఆ గోదావరి లోయ బొగ్గుపొరలకు తమంతట తామే వేడెక్కే గుణం ఉందని గనులు నడిపినవాళ్లందరికీ తెలుసు. లోపల ఎక్కడ బొగ్గు రగలడం మొదలైందో ముందుగా చెప్పేది గాలిలో పెరిగే కార్బన్ మోనాక్సైడే. అందుకే భూగర్భ గనిలోకి దిగే కార్మికుడి నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. పొగ కమ్మినప్పుడు దాని గొట్టాన్ని నోట్లో పెట్టుకుని బయటికి నడవాలి. వడపోత రకం డబ్బాల్లో ఉండేది హాప్కలైట్ అనే నల్లటి గుళికల పొడి. మాంగనీస్, రాగి ఆక్సైడ్లను కలిపి చేసిన పదార్థం అది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల రసాయనవేత్తలు ముసుగుల కోసం దాన్ని తయారుచేశారు. ఆ రెండు పేర్ల ముక్కలు కలిపితే వచ్చిందే హాప్కలైట్. మామూలు గది వేడిమిలోనే అది కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. తడి తగిలితే మాత్రం పనిచేయడం మానేస్తుంది. అందుకని డబ్బాలో దానికి ముందు తేమను పీల్చే పొర ఒకటి పేరుస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వేసుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కలిసి కార్బన్ డయాక్సైడ్ అయితే మోల్‌కు 283 కిలోజౌళ్ల శక్తి బయటికి వస్తుంది. ఇంత లాభం ఉన్న బేరాన్ని ఆ రెండూ తమంతట తాము ఎందుకు కుదుర్చుకోవు? కుంపటి పెట్టిన గదిలో బోలెడంత ఆక్సిజన్ ఉండగానే కార్బన్ మోనాక్సైడ్ అలాగే ఎందుకు మిగిలిపోయింది? అడ్డం ఆక్సిజన్ దగ్గర ఉంది. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు జంటగా ఉంటాయి. ఆ జంటను విడదీయాలంటే మోల్‌కు 498 కిలోజౌళ్లు కావాలి. అంత వేడి మంటలో ఉంటుంది, మామూలు గాలిలో ఉండదు. మంట లేకుండా ఆ జంటను మెత్తబరిచే చోటు ఒకటి కావాలి. ఉత్ప్రేరకం అంటే ఆ చోటే.

ఆ చోటు ఉందని మొదట కళ్లారా చూసినవాడు హంఫ్రీ డేవీ. గని దీపం కనిపెట్టిన రెండేళ్లకు, 1817లో, కాక పట్టిన ప్లాటినం తీగను గాలీ బొగ్గువాయువూ కలిసిన మిశ్రమంలో పెడితే మంట లేకుండానే తీగ ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది. 1823లో జర్మనీలోని యేనాలో డోబరైనర్ ప్లాటినం స్పాంజి మీదికి హైడ్రోజన్ ఊది అగ్గిపుల్ల లేకుండా నిప్పు పుట్టించాడు. 1835లో స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ ఇలాంటి వింతలన్నిటినీ ఒకచోట చేర్చి కెటాలిసిస్ అని పేరు పెట్టాడు. పేరైతే దొరికింది గానీ లోపల జరిగేదేమిటో మరో ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు.

1922లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ ఎలా ఆక్సీకరిస్తుందో కొలిచి, ఒక విచిత్రం బయటపెట్టాడు. కార్బన్ మోనాక్సైడ్‌ను ఎక్కువ పంపినకొద్దీ చర్య నెమ్మదిస్తోంది! మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీలు వేసి సీట్లు ఆపుకునేవాళ్లను చూసినవారికి లాంగ్‌మ్యూర్ చెప్పింది తేలిగ్గా అర్థమవుతుంది. ప్లాటినం మీది ఖాళీ చోట్లన్నిటినీ కార్బన్ మోనాక్సైడ్ అణువులు ముందే ఆక్రమించుకుంటాయి. ఆక్సిజన్ విడిపోవాలంటే పక్కపక్కన రెండు చోట్లు కావాలి, అవి దొరకవు. కార్బన్ మోనాక్సైడ్ లేచిపోయేంత వేడి ఎక్కాకే ఆక్సిజన్‌కు చోటు దొరుకుతుంది. ఉపరితలాల మీద లాంగ్‌మ్యూర్ చేసిన పనికి 1932లో నోబెల్ వచ్చింది. కార్లలో ఈనాటికీ ఇంజన్ చల్లగా ఉన్న మొదటి నిమిషాల్లోనే విషవాయువు ఎక్కువగా బయటికి రావడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

కార్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో 1975 నుంచి కొత్త కార్ల పొగగొట్టాల్లో ఉత్ప్రేరక డబ్బాలు వచ్చాయి. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసుల్లో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేశారు. ఆ నాలుగింటిలో హైదరాబాద్ లేదు. సీసం ఉన్న పెట్రోలు ఈ డబ్బాలోని లోహాన్ని చంపేస్తుంది కాబట్టి ముందు సీసం లేని పెట్రోలు రావాలి. దేశమంతా అది అందడానికి 2000 సంవత్సరం అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 వచ్చింది. ఆ డబ్బాలో ప్లాటినం, పలేడియం, రోడియం ఉంటాయి. వాటిని మోసే సిరామిక్ మీద సీరియం ఆక్సైడ్ పూత ఉంటుంది. ఈ సీరియం ఆక్సైడ్ దగ్గర మన హైదరాబాద్‌కు ఒక చరిత్ర ఉంది.

నిజాం ప్రభుత్వం 1944లో పెట్టిన పారిశ్రామిక పరిశోధనశాల 1956లో సీఎస్ఐఆర్ చేతికి వెళ్లి ప్రాంతీయ పరిశోధనశాల అయింది. ఊళ్లోవాళ్ల నోట ఆర్ఆర్ఎల్ అయింది. 1989లో దాని పేరు ఐఐసీటీగా మారింది. తార్నాకలోని ఆ సంస్థలో బెంజారం ఎం. రెడ్డి బృందం సీరియం ఆక్సైడ్‌లో జిర్కోనియం, హాఫ్నియం, టెర్బియం వంటి లోహాలను కలిపి, ఒక్కో మిశ్రమం కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ వేడిమిలో ఆక్సీకరిస్తుందో ఏళ్ల తరబడి పరీక్షించి, వరుసగా పరిశోధన పత్రాలు రాసింది. సీరియం ఆక్సైడ్ గొప్పతనం ఏమిటంటే తన ఒంట్లోని ఆక్సిజన్‌ను ఇచ్చేయగలదు, మళ్లీ గాలిలోంచి తీసుకోగలదు. గాలిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు తనది పెట్టి పని నడుపుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని 1954లో డచ్చి శాస్త్రవేత్తలు మార్స్, వాన్ క్రెవెలెన్ సూత్రీకరించారు. శ్రీకాకుళం నుంచి భీమునిపట్నం దాకా ఉన్న సముద్రపు ఇసుకలోని మోనజైట్‌లో దొరికే అరుదైన మృత్తిక లోహాల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఈ సీరియమే. మన ఇసుకలో ఉన్న లోహాన్ని మన నగరంలోని సంస్థ ఇంత లోతుగా చదివిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పటిదాకా ఈ కథలోకి బంగారం రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. బంగారం దేనితోనూ కలవదని రసాయనవేత్తలు రాసిపెట్టుకున్నారు. తుప్పు పట్టదు, నల్లబడదు, అందుకే కదా అవుసలాయన చేతిలో అంత విలువ! 1995లో కూడా డెన్మార్క్ శాస్త్రవేత్తలు హామర్, నోర్స్కోవ్ బంగారం అన్ని లోహాల్లోకీ ఎందుకు అంత అంటీముట్టనట్టు ఉంటుందో కంప్యూటర్ లెక్కలతో వివరించి 'నేచర్' పత్రికలో వేశారు. బంగారపు పలక మీద ఆక్సిజన్ నిలవదు, హైడ్రోజన్ విడిపోదు. ఇది నిజం.

అప్పటికి ఎనిమిదేళ్ల ముందే, 1987లో, జపాన్‌లోని ఒసాకా ప్రభుత్వ పరిశోధనశాలలో మసతాకె హరుత ఇంకో నిజం ప్రకటించి ఉన్నాడు. బంగారాన్ని కొన్ని నానోమీటర్ల రేణువులుగా ఇనుము, కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్ల మీద దించితే అది కార్బన్ మోనాక్సైడ్‌ను సున్నాకు డెబ్బై డిగ్రీలు కింద కూడా ఆక్సీకరిస్తోందని ఆయన చెప్పాడు. ప్లాటినం వంద డిగ్రీలు దాటితే గాని కదలని పని అది. పైగా హాప్కలైట్‌కు శత్రువైన తేమ, హరుత బంగారానికి మేలే చేసింది. జపాన్‌లో ఈ ఉత్ప్రేరకాన్ని మరుగుదొడ్ల దుర్వాసన పోగొట్టే పరికరాల్లో వాడారు. మొదట్లో నమ్మనివాళ్లు చాలామంది. వాళ్లను తప్పుపట్టలేం. మూడు నానోమీటర్ల బంగారు రేణువులో సుమారు ఎనిమిది వందల పరమాణువులు ఉంటాయి. అది పుత్తడి కడ్డీలోని లోహమే. మరి కడ్డీకి లేని గుణం రేణువుకు ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి ప్రయోగశాల ఒక్కటే జవాబు చెప్పలేకపోయింది. రేణువులన్నీ ఒకే కొలతలో ఉండవు. ఏ రేణువులో, ఏ మూలలో, ఏ పరమాణువు దగ్గర పని జరుగుతోందో విడదీసి చూడటం కష్టం. అక్కడ కాగితం, కలం, కంప్యూటర్ రంగంలోకి దిగాయి.

వాల్టర్ కోన్ వియన్నాలో పుట్టిన యూదు బాలుడు. 1939లో పిల్లలను తరలించే ఏర్పాటులో ఇంగ్లండ్ చేరి బతికాడు. అతని తల్లిదండ్రులు నాజీల చేతిలో చనిపోయారు. ఆ కోన్ 1964లో హోహెన్‌బర్గ్‌తోనూ, 1965లో షామ్‌తోనూ కలిసి రెండు పత్రాలు రాశాడు. ఒక పదార్థంలోని ఎలక్ట్రాన్లన్నిటినీ ఒక్కొక్కటిగా వెంటాడితే లెక్క మనిషి ఆయుష్షులో తెమలదు. అన్ని ఎలక్ట్రాన్లూ కలిసి ఎక్కడ ఎంత చిక్కగా పరుచుకుని ఉన్నాయో తెలిస్తే చాలు, శక్తి మొత్తం దాన్నిబట్టి తేలుతుందని ఆయన నిరూపించాడు. డెన్సిటీ ఫంక్షనల్ థియరీ అంటారు దాన్ని. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకునే తీరుకు సంబంధించిన ఒక చిన్న ముక్క మాత్రం కచ్చితంగా తెలియదు, దాన్ని అంచనా వేసుకోవాలి. ఆ ముక్క సంగతి చివర్లో మళ్లీ వస్తుంది. 1998లో కోన్‌కు రసాయనశాస్త్రపు నోబెల్ దక్కింది. అప్పటికి ప్రపంచంలోని కంప్యూటర్లు ఆయన సమీకరణాలతో పరమాణువుల చిన్న గుంపులను, అంటే క్లస్టర్లను, లెక్కగట్టే స్థితికి వచ్చాయి.

గుంపుల మీద లెక్కలకు హైదరాబాద్ కొత్తది కాదు. 1974లో మొదలైన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎలువత్తింగల్ జెమ్మిస్ రెండు దశాబ్దాల పాటు బోరాన్ పరమాణువుల గుంపుల నిర్మాణాన్ని అధ్యయనం చేశారు. ఎన్ని ఎలక్ట్రాన్లుంటే ఏ గుంపు నిలబడుతుందో చెప్పే సూత్రాన్ని 2001లో ఇచ్చారు. ఆయన దగ్గర చదువుకున్న జి. నరహరి శాస్త్రి తర్వాత ఐఐసీటీలో అణువులను కంప్యూటర్ మీద చదివే బృందాన్ని నిలబెట్టారు. వాళ్లు చూసినవి బంగారం కాదు, ఉత్ప్రేరకాలూ కాదు. అయినా పరీక్షనాళిక ముట్టుకోకుండా రసాయనశాస్త్రం చేయవచ్చన్న నమ్మకాన్ని ఇక్కడి విద్యార్థులకు కలిగించింది ఆ తరమే.

బంగారం లెక్క 1999లో తేలింది. ఐరోపాలో ఊలీ హైజ్ బృందం బంగారు గుంపులను పరమాణువుల లెక్కన ఏరి, ఒక్కో సైజువీ విడివిడిగా మెగ్నీషియం ఆక్సైడ్ మీద మెత్తగా దించింది. అమెరికాలోని జార్జియా టెక్‌లో ఊజీ లాండ్‌మన్ బృందం అవే గుంపులను కంప్యూటర్‌లో కట్టింది. ఏడు పరమాణువుల దాకా బంగారం కదలలేదు. ఎనిమిదో పరమాణువు చేరగానే కార్బన్ మోనాక్సైడ్ ఆక్సీకరణం మొదలైంది. పనిచేసే బంగారు గుంపుల్లో అన్నిటికన్నా చిన్నది ఎనిమిది పరమాణువులదే.

ఎందుకో లెక్క చెప్పింది. మెగ్నీషియం ఆక్సైడ్‌లో అక్కడక్కడ ఆక్సిజన్ ఊడిపోయిన గుంటలుంటాయి. వాటిలో రెండు ఎలక్ట్రాన్లు మిగిలి ఉంటాయి. ఆ గుంట మీద కూర్చున్న బంగారపు గుంపు అక్కడి నుంచి కొంత రుణావేశాన్ని తీసుకుంటుంది, దాన్ని తన మీద వాలిన ఆక్సిజన్ జంటకు అందిస్తుంది. అందిన ఎలక్ట్రాన్ ఆక్సిజన్ జంట మధ్య బంధాన్ని సాగదీసి బలహీనం చేస్తుంది. 498 కిలోజౌళ్ల గోడ అక్కడ కుంగిపోతుంది. గుంట లేని నిఖార్సైన పలక మీద అదే ఎనిమిది పరమాణువుల గుంపును పెడితే ఏమీ జరగలేదు. ఇంకో సంగతి కూడా తేలింది. గుంపు రాయిలా బిగుసుకుని ఉండదు, వచ్చిన అణువుకు తగ్గట్టు తన ఆకారాన్ని కాస్త మార్చుకుంటుంది. కడ్డీలోని పరమాణువుకు అన్ని వైపులా పన్నెండు మంది పొరుగువాళ్లు ఉంటారు, అది కదలలేదు. గుంపులోని పరమాణువుకు ఆ బంధనాలు తక్కువ. నా మటుకు నాకు ఈ కొన్ని దశాబ్దాల రసాయనశాస్త్ర వార్తల్లో ఇంత అందమైనది మరొకటి కనబడదు. ఒక పదార్థపు స్వభావం అది ఏ లోహం అన్నదానితోపాటు ఎన్ని పరమాణువులు అన్నదాని మీద కూడా ఆధారపడుతుందని ఎనిమిది అనే ఒక్క అంకెతో చూపించారు.

తర్వాతి అడుగు మిశ్రమలోహం వైపు పడింది. మన ఇళ్లలోని నగల బంగారం ఇరవై రెండు క్యారెట్లది. వందకు 91.6 పాళ్లు బంగారం, మిగతాది రాగి, వెండి. నగ నిలబడటానికి ఆ కలుపు కావాలి. గుంపుల్లో కలుపు ఇంకా పెద్ద పని చేసింది. నాలుగు పరమాణువుల బంగారపు గుంపు జడంగా ఉంటుందని చెప్పుకున్నాం. అందులో ఒక బంగారు పరమాణువును తీసి స్ట్రాన్షియం పెట్టి చూశారు హైజ్, లాండ్‌మన్, హాకినెన్ బృందం. 2003లో వచ్చిన ఆ పత్రం ప్రకారం మూడు బంగారాలూ ఒక స్ట్రాన్షియమూ ఉన్న గుంపు పనిచేసింది. స్ట్రాన్షియం తన ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదులుకునే లోహం. ఆక్సిజన్ దాని దగ్గర వాలి, కావలసిన ఆవేశం తీసుకుంది. ప్రయోగం ఇచ్చిన జవాబుకు కారణాన్ని లెక్క చూపించింది.

స్ట్రాన్షియం కన్నా చేతికందే లోహం వెండి. తైవాన్‌లో మౌ చుంగ్-యువాన్ బృందం 2005లో బంగారం, వెండి కలిసిన రేణువులను సన్నని రంధ్రాల సిలికా పదార్థం మీద చేసి చూపించింది. అంత పెద్ద రేణువులైన బంగారం ఒక్కటే అయితే పనిచేయదు, వెండి ఒక్కటే అయినా పనిచేయదు. రెండూ కలిసినప్పుడు చర్య బాగా సాగింది. బంగారం కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకుంటుంది, వెండి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ప్లాటినం మీద లాంగ్‌మ్యూర్ చూసిన పోటీకి ఇది విరుగుడు. రెండు వాయువులకూ వేర్వేరు చోట్లు ఏర్పడ్డాయి, ఒకదాని చోటును ఇంకొకటి ఆక్రమించదు.

అయితే ఏ లోహంతో ఏది, ఎన్నికి ఎన్ని, ఎక్కడ ఎక్కడ? కంప్యూటర్ లేకుండా ఈ ప్రశ్నకు దారే లేదు. ఇరవై బంగారు పరమాణువుల గుంపు నాలుగు ముఖాల గోపురంలా ఉంటుందని 2003లో లై-షెంగ్ వాంగ్ బృందం తేల్చింది. ఆ గోపురంలో పది బంగారాలు, పది వెండివి పెట్టాలనుకోండి. 1,84,756 రకాలుగా పెట్టవచ్చు. గోపురాన్ని తిప్పితే ఒకేలా కనబడేవాటిని తీసేసినా వేలల్లో మిగులుతాయి. గోపురం ఆకారమే మారవచ్చు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. ఒక్కో అమరికకూ కోన్ సమీకరణాలు సాధించడం పెద్ద యంత్రాలకూ భారమే. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కు చెందిన రాయ్ జాన్‌స్టన్ బృందం జీవపరిణామం తరహాలో వెతికే పద్ధతిని వాడింది. మంచి గుంపులను రెండు ఎంచి, వాటిని ముక్కలు చేసి కలిపి, పిల్ల గుంపులను పుట్టించి, బలహీనమైనవాటిని వదిలేస్తూ తక్కువ శక్తి ఉన్న అమరిక వైపు నడవడం ఆ పద్ధతి. అమరిక దొరికాక దాని మీద కార్బన్ మోనాక్సైడ్‌ను ఉంచి, ఆక్సిజన్‌ను ఉంచి, రెండూ కలిసే దారిలో ఎక్కవలసిన మిట్ట ఎంత ఎత్తో కొలుస్తారు. మిట్ట తగ్గితే చర్య వేగం పెరుగుతుంది.

ఇక్కడ నేను పాఠకులకు ఒక హెచ్చరిక చేయాలి. కంప్యూటర్ చెప్పిందంటే అది నిజమే అనుకునే కాలం ఇది. 2001లో ఫైబెల్మన్, నోర్స్కోవ్ మొదలైనవారు కలిసి తమ లెక్కల్లోని లోపాన్ని తామే అచ్చువేసి లోకం ముందు పెట్టారు. ప్లాటినం పలక మీద కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడ వాలుతుంది? ఒక పరమాణువు నెత్తి మీద అని ప్రయోగాలన్నీ చెబుతున్నాయి. మూడు పరమాణువుల నడుమ పల్లంలో అని డెన్సిటీ ఫంక్షనల్ లెక్కలు చెప్పాయి. లాంగ్‌మ్యూర్ కాలం నుంచి చదువుతున్న లోహం, అతి చిన్న అణువు. అయినా వాలే చోటునే లెక్క తప్పు చూపింది. కోన్ సిద్ధాంతంలో అంచనా వేసుకోవాల్సిన ఆ చిన్న ముక్కే దీనికి కారణం.

ఈ తప్పు ఎంత పెద్దదో అంకెల్లో చూడండి. పరమాణువుల లెక్కల్లో శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెబుతారు. మిట్ట ఎత్తులో పదో వంతు ఎలక్ట్రాన్ వోల్టు తేడా వస్తే, మామూలు గది వేడిమిలో చర్య వేగం యాభై రెట్లు మారిపోతుంది. ఐదో వంతు తేడా వస్తే రెండు వేల రెట్లు దాటుతుంది. ఈ పద్ధతిలో అంత తేడా రావడం అసాధారణమేమీ కాదు. కాబట్టి ఫలానా గుంపు గంటకు ఇంత వాయువును మారుస్తుందని లెక్క ఒక్కదాన్నే నమ్మి చెప్పకూడదు. పది గుంపులను ఒకే కొలబద్దతో లెక్కగట్టినప్పుడు తప్పులు చాలావరకు ఒకే వైపు మొగ్గుతాయి. అప్పుడు వాటిలో ఏది ముందు, ఏది వెనక అన్న వరుస చాలాసార్లు సరిగా వస్తుంది. మంచి శాస్త్రవేత్తలు లెక్కను ఆ మేరకే వాడతారు. వందల్లోంచి ఐదారింటిని ఏరి, మిగతా పని కొలిమి దగ్గరి మనిషికి అప్పగిస్తారు.

ఖరీదు సంగతి కూడా చూడాలి. ప్లాటినం జాతి లోహాలకు మన దేశం దాదాపు పూర్తిగా దిగుమతుల మీద ఆధారపడుతోంది. బంగారం సంగతి చెప్పనే అక్కర్లేదు. షాద్‌నగర్ దగ్గరి కొత్తూరు పారిశ్రామికవాడలోని ఒక చిన్న కర్మాగారం తన చిమ్నీలో బంగారం, ప్లాటినం పెట్టుకోవాలంటే యజమాని వెనకాడతాడు. అందువల్ల చవక లోహాల గుంపులను లెక్కగట్టినవాళ్ల పని నాకు మరింత విలువైనదిగా తోస్తుంది. అమెరికాలోని వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయంలో శివ్ ఖన్నాతో కలిసి బి.వి. రెడ్డి 2004లో ఇనుప ఆక్సైడ్ గుంపుల మీద కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్‌ల ప్రయాణాన్ని లెక్కించారు. ఇనుప ఆక్సైడ్ గుంపు తన ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌కు ఇచ్చి దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా పంపిస్తుంది. పోయిన ఆక్సిజన్‌ను నైట్రిక్ ఆక్సైడ్ దగ్గర తీసుకుని పూడ్చుకుంటుంది. పొగలోని రెండు విషాలు ఒకదాని సాయంతో ఒకటి పోతాయి. ఇందులో వాడిన లోహం తుప్పులో ఉండే ఇనుమే.

కార్బన్ మోనాక్సైడ్‌కు ఇన్ని దారులు దొరికాయి. మీథేన్ అంత సులభంగా లొంగదు. దాని కార్బన్, హైడ్రోజన్‌ల బంధం విడదీయడానికి మోల్‌కు 439 కిలోజౌళ్లు కావాలి. ఆక్సిజన్ జంటకున్నట్టు ఎలక్ట్రాన్లు అందుకుని మెత్తబడే సుగుణం దానికి లేదు. సీఎన్‌జీ బస్సుల పొగగొట్టాల్లో కాలకుండా జారిపోయే మీథేన్‌ను పట్టుకునే పలేడియం గురించి, దాన్ని దెబ్బతీసే గంధకం గురించి వచ్చే భాగంలో.

(సశేషం)